అద్దె లెన్సూ, ఏడు జతల కాళ్లూ

అందరూ అడిగేది ఒకటే

నంద్యాలలో ముప్పై ఆరేళ్లు స్టూడియో నడిపి, పోయిన ఏడాది షట్టరు దించేశాను. నా మోకాళ్లు ఇక పెళ్లి మంటపాలు ఎక్కేది లేదని తేల్చి చెప్పాయి. పేరు ఖాదర్ బాషా. ఊళ్లో మాత్రం ఫోటో ఖాదర్ అంటేనే తెలుస్తుంది. ఇప్పుడు నాకున్న పనులు రెండు. మధ్యాహ్నం నిద్రపోవడం, సాయంత్రం ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు సలహాలివ్వడం. రెండింట్లో మొదటిదే నాకు బాగా చేతనవును.

వచ్చేవాళ్లు వెలుతురు గురించి అడగరు. మనుషుల్ని నవ్వించడమెలాగో అడగరు. అందరిదీ ఒకటే మాట. "అన్నా, శ్రీశైలం ట్రిప్పు పోతాండాం. పొడుగు లెన్సు అద్దెకు తీసుకోవాల్నా, సెకండ్ హ్యాండ్‌ది కొనాల్నా?"

దీనికి నేను చాలా ఏళ్లు ఒకే జవాబు చెప్పాను. నాలుగు రోజుల పనికి అద్దె, నాలుగేళ్ల పనికి కొనుగోలు. వినడానికి గొప్పగానే ఉంటుంది, గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. ఆ మాట చెప్పిన నేనే, స్టూడియో మూసే ముందు చేసిన ఆఖరి పెద్ద పనిలో, ఒకే వారంలో కొనుగోలూ చేసి, అద్దెకూ తెచ్చి, రెండింట్లోనూ బోర్లా పడ్డాను. చెప్పేటందుకే నీతులు అని ఊరికే అనలేదు. ఆ కథ చెప్పేముందు నాకు పని నేర్పినవాళ్ల గురించి రెండు మాటలు.

వాసన చూసే ఓనరు

సొంత స్టూడియో పెట్టకముందు ఆరేళ్లు సుబ్బరాయుడు గారి స్టూడియోలో పనిచేశాను. ఉన్నమాట చెబుతున్నాను, ఆయన మంచి ఫోటోగ్రాఫరు కాదు. పెళ్లికూతురు కళ్లు మూసినప్పుడే ఆయన వేలు మీట నొక్కేది. కానీ పాత సామాను కొనడంలో ఆయన్ని మించినవాడు జిల్లాలో లేడు. ఎవరైనా పాత లెన్సు తెస్తే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూసేవాడు. తర్వాత మొహం కొంచెం అదోలా పెట్టి, మాట్లాడకుండా కిందపెట్టేవాడు. అంతే, అమ్మేవాడు తనంతట తానే ధర తగ్గించేవాడు.

"లోపల బూజు పడితే కంటికి కనపడకముందే ముక్కుకు తెలుస్తాది రా ఖాదరూ," అనేవాడు.

ఒక చలికాలమంతా ఆయనకు పడిశం పట్టింది. అప్పుడూ వాసన చూడటం మానలేదు. "ముక్కు మూసుకుపోయింది కదా సార్, ఏం తెలుస్తాది?" అని అడిగితే, "నాకు తెల్వదని ఆయప్పకు తెల్వదు కదరా," అన్నాడు. ఆ చలికాలంలో మేం బూజు పట్టిన లెన్సులు మూడు కొన్నాం. చవగ్గానే కొన్నాంలెండి.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. లెన్సుకు ఒక చివర టార్చి పెట్టి రెండో చివర నుంచి చూడాలి. ముక్కు అబద్ధం చెప్పినా టార్చి చెప్పదు.

బొట్టు పెట్టించుకున్న లెన్సు

సొంతంగా స్టూడియో పెట్టాక సామాను అద్దెకివ్వడం మొదలుపెట్టాను. దసరా ముందురోజు ఆళ్లగడ్డ వైపు ఆసామి ఒకాయన, కుటుంబంతో మహానంది పోతున్నామంటూ కెమెరా, లెన్సు నాలుగు రోజులకు పట్టుకుపోయాడు. తిరిగి తెచ్చినప్పుడు మూత తీసి చూశాను. ముందు అద్దం నిండా గంధం. దాని మీద నడిమధ్యలో రూపాయంత కుంకుమ బొట్టు.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"ఆయుధ పూజ గదప్పా. ట్రాక్టరుకు పెట్టినాం, మోటారుకు పెట్టినాం, దీనికి పెట్టకుంటే ఎట్ల?"

"ఇది మీది కాదు కదన్నా."

"నాలుగు దినాలు మాదే గదా?"

ఆయన తప్పేం చేయలేదు. ఇంటికొచ్చిన వస్తువును గౌరవించాడు, నా లెన్సును చంపాడు. అప్పటినుంచి నా అద్దె రసీదు మీద ఒక షరతు అచ్చు వేయించాను. 'ముందు అద్దం మీద బొట్టు పెట్టరాదు.' ఈ షరతు గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పనుంది.

ఆచారి రాయి

ఇక అసలు సంగతి. ఆళ్లగడ్డలో బ్రహ్మయ్యాచారి అని శిల్పి. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందంతా రాతి పొడి. నాకంటే పదేళ్లు పెద్ద. ఎప్పుడో ఆయనకు పాస్‌పోర్టు ఫోటో తీయడానికి వెళ్లి, అప్పటినుంచి స్నేహం. ఒకరోజు పొద్దున్నే నా స్టూడియోకు వచ్చి కూర్చున్నాడు. టీ తాగాడు. ఎండలన్నాడు, వానలన్నాడు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని నేనే అడిగాను.

"ఏందన్నా, ఏం పని పడింది?"

"నా రాయి పోయేట్టుండాదప్పా."

ఆ రాయి నాకు తెలుసు. పదకొండడుగుల నల్లరాయి, షెడ్డు పక్కన ఎనిమిదేళ్లుగా పడుకుని ఉంది. ఆచారి ఎవరికీ ఇవ్వలేదు. దాన్లో పెద్ద దేవుడే ఉన్నాడని ఆయన నమ్మకం. ఇప్పుడు పలకలు కోసే వ్యాపారి ఒకడు మంచి ధర ఇస్తానంటున్నాడు. వంటింటి గట్లకు. చేతిలో పని లేని ఆచారికి కాదనే స్తోమత లేదు.

"అంత మంచి రాయి మీద ఉల్లిగడ్డలు తరుగుతారంట," అన్నాడు ఆచారి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు నవ్వొచ్చింది, నవ్వినందుకు సిగ్గేసింది.

రాయి నిలవాలంటే దారి ఒకటే ఉంది. అనంతపురం వైపు ఒక ఊరివాళ్లు ఆ రాయికి సరిపోయేంత పెద్ద ఆంజనేయస్వామిని చేయించాలనుకుంటున్నారు. పది రోజుల్లో, ఆదివారం, వాళ్ల కమిటీ షెడ్డుకు వస్తుంది. ఇంతకుముందు చేసిన పనులు ఆల్బంలో చూపిస్తే ఆర్డరు ఇస్తారు. లేదంటే అది పక్క షెడ్డుకు పోతుంది, అక్కడి ఆల్బం ఇప్పటికే చూశారు.

ఆచారి దగ్గర ఆల్బం లేదు. ఆల్బం కాదు, ఒక్క ఫోటో లేదు. ఎందుకంటే వాళ్లింటి పద్ధతి అలాంటిది. దేవుడి విగ్రహానికి షెడ్డులో కళ్లు తెరవరు. కళ్లు లేని దేవుడికి ఫోటో తీయరాదు. ప్రతిష్ఠనాడు గుడిలోనే ఉలితో కళ్లు తెరుస్తాడు. తెరిచాక గర్భగుడిలోకి కెమెరా రానివ్వరు. అలా నలభై ఏళ్లు దేవుళ్లను చెక్కి, చూపించుకోవడానికి ఒక్క దేవుడు లేకుండా మిగిలాడు.

మిగిలినవి బయట కూడళ్లలో ఉన్న నాయకుల విగ్రహాలు. పాణ్యం నుంచి పాములపాడు దాకా మొత్తం ఏడు. ఎవరెవరివో పేర్లు చెప్పను, పార్టీల గొడవ నాకొద్దు. అన్నీ ఎత్తైన దిమ్మెల మీద ఉన్నాయి. కింద నుంచి మామూలు లెన్సుతో తీస్తే ముక్కు రంధ్రాలు తప్ప ఏమీ రావు. దూరంగా నిలబడి పొడుగు లెన్సుతో తీయాలి. నా పొడుగు లెన్సు అంతకు ముందు నెలే అమ్మేశాను, రిటైరవుతున్నాను కదా అని.

డాక్టరు గారు వాడిన లెన్సు

ఆళ్లగడ్డలోనే పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు ఒకాయన పాత లెన్సు అమ్ముతున్నాడని తెలిసి, ఆచారిని వెంటబెట్టుకుని వెళ్లాను.

"కొత్తదాని లెక్కే ఉండాదన్నా. డాక్టరు గారు వాడింది. ఆదివారం ఆదివారం మాత్రమే తీసేటోడు," అన్నాడాయన.

నా సర్వీసులో నేను చూసిన ప్రతి పాత లెన్సూ ఎవరో ఒక డాక్టరు వాడిందే. మన డాక్టర్లు రోగుల్ని ఎప్పుడు చూశారో నాకర్థం కాదు. అయినా వాసన చూశాను, బాగుంది. టార్చి వేశాను, శుభ్రంగా ఉంది. ఇంతలో ఆచారి నా చేతిలోంచి లెన్సు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని, జేబులోంచి చిన్న సుత్తి తీశాడు.

"ఏయ్! ఏయ్!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

ఆయన మమ్మల్ని పట్టించుకోలేదు. సుత్తి కర్రపిడితో లెన్సును మెల్లగా రెండుసార్లు తట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. రాయి కొనేముందు శిల్పులు చేసే పని అది. తడితే గంటలా మోగాలి. మోగకపోతే లోపల పగులున్నట్టు.

"మోగల్యా," అన్నాడు. "లోపల ఏందో ఇడిపోయింది. వద్దప్పా."

"ఆచారన్నా, ఇది రాయి కాదు. అద్దాలు. ఇవి మోగవు," అని పెద్దగా నవ్వాను. అమ్మేవాడు నాకంటే పెద్దగా నవ్వాడు. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. ముప్పై ఆరేళ్ల అనుభవం కదా, అడ్డమొచ్చింది. కొనేశాను.

ఇంటికొచ్చి మిద్దె మీద మా ఆవిడ రమీజాను నిలబెట్టి తీశాను. కుడి చెంప మీద పుట్టుమచ్చ దగ్గర వెంట్రుకతో సహా స్పష్టంగా ఉంది. ఎడమ చెంప పొగలో కలిసిపోయింది. లోపల ఒక అద్దం పక్కకు ఒరిగింది. ఆచారి చెవి చెప్పింది అదే.

రమీజా ఫోటో చూసి, "ఏందీ, నా సగం మొగం యాడ పోయింది?" అంది. "ముప్పై ఏండ్ల కాపురంలో నువ్వు నన్ను సూసింది ఇంతేనా?"

అమ్మినవాడు వాపసు తీసుకోనన్నాడు. బతిమాలడంలో మూడు రోజులు పోయాయి. కాబట్టి పాతది కొనేవాళ్లకు చెబుతున్నాను. డబ్బులు చేతులు మారకముందే ఆ లెన్సుతో ఒక ఇటుక గోడను తీయండి. నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. డాక్టరు గారిని పక్కన పెట్టండి. పక్కన ఎవరైనా తట్టి చూస్తానంటే నవ్వకండి.

ఆరు దాటితే ఇంకో రోజు

ఇక అద్దే గతి. కర్నూలులో ఒక అద్దె షాపుకు వెళ్లాను. కౌంటరులో ఉన్న ఆవిడ నా ఆధార్ కార్డు తీసుకుని, నన్ను పైనుంచి కిందికి చూసి, షరతులు చదివింది.

"సాయంత్రం ఆరు దాటితే ఇంకో రోజు అద్దె పడుతుంది సార్. గీత పడినా మీదే బాధ్యత. ఇసుకలో పెట్టరాదు. ముందు అద్దం మీద బొట్టు పెట్టరాదు."

"బొట్టా? ఎవరు పెడతారమ్మా?" అన్నాను అమాయకంగా.

"ఏమో సార్. రసీదులో ఉంది, చదువుతాండా."

ఎవరి రసీదు చూసి అచ్చు వేయించారో నాకు తెలుసు. నా షరతు నన్నే వెతుక్కుంటూ కర్నూలు దాకా వచ్చింది. నోరు మూసుకుని మూడు రోజులకు సంతకం పెట్టాను.

అద్దె లెన్సు గురించి ఒక నిజం చెప్పాలి. అరువు సొమ్ము బరువు చేటు అంటారు. అద్దె సొమ్ము ఇంకా బరువు. గంట గంటకూ డబ్బు కరుగుతోందని గుర్తొచ్చి కనపడిందల్లా తీస్తాం. మరుసటి పొద్దున స్కూటరు మీద బయల్దేరి, వెనుక ఆచారి ఆ లెన్సును చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంటే, పాణ్యం చేరేలోగా నాలుగుచోట్ల ఆగాను. బర్రె మీద కొంగను తీశాను. వైరు మీద కాకిని తీశాను. దూరాన ఎవరిదో ఆరేసిన లుంగీని కూడా తీశాను.

"ఖాదరూ, మనం పోయేది నా ఇగ్రహాలకా, ఈ లుంగీలకా? బిరీన పా," అన్నాడు ఆచారి.

కోడ్

పాణ్యం కూడలికి చేరేసరికి విగ్రహం దగ్గర నిచ్చెన వేసి ఉంది. ఇద్దరు పంచాయతీ పనివాళ్లు నాయకుడి తల మీద నుంచి తెల్ల గుడ్డ దించి తాళ్లతో కడుతున్నారు. అంతకు ముందు సాయంత్రం ఎన్నికల ప్రకటన వచ్చిందట. కోడ్ వస్తే నాయకుల విగ్రహాలు కప్పేస్తారు. ఈ సంగతి పుట్టినప్పటినుంచి తెలుసు. కానీ నేను అద్దె షరతులు చదువుకున్నాను గానీ వార్తలు చూడలేదు.

"అప్పా, ఒక్క నిమిషం ఆగప్పా! ఒక్క ఫోటో!" అని పరుగెత్తాను.

"ఏం ఆగేది?" అన్నాడు నిచ్చెన మీదివాడు. "మొగం కనపడితే మాకు మెమో ఇస్తారు. పో అన్నా."

"మిగతా ఊర్లల్ల?"

"అన్నీ కప్పుతాండారు. ఎన్నికలయ్యేదాకా ఇంతే."

నేను దిమ్మె నీడలో కూలబడ్డాను. పక్కన అద్దె లెన్సు. ఇంట్లో ఒంటికన్ను లెన్సు. ఆదివారానికి నాలుగు రోజులు. ఆ పదకొండడుగుల నల్లరాయి నా కళ్లముందే ముక్కలై, ఎవరింట్లోనో గ్యాస్ స్టవ్ కింద పలకలుగా మారిపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆచారి సుత్తి మాట వినుంటే మొదటి మూడు రోజులు మిగిలేవి, ఈపాటికి ఏడూ అయిపోయుండేవి.

ఆచారి మాత్రం పైకి చూస్తున్నాడు. గుడ్డ మోకాళ్ల దాకే వచ్చింది.

"ఏమప్పా, కాళ్లు కప్పరా?" అని అడిగాడు.

"గుడ్డ ఇంతే ఇచ్చినారు పెద్దాయనా," అన్నాడు పనివాడు. "కాళ్లను సూసి ఎవురు ఓటేస్తారులే."

పనివాళ్లు దిగాక ఆచారి నిచ్చెన ఎక్కాడు. దిమ్మె మీద నిలబడి తన కండువాతో విగ్రహం కాళ్ల మీద పిట్టల రెట్ట తుడిచి, బొటనవేలిని కాసేపు నిమిరాడు.

"ఖాదరూ, ఈడికి రా. మా నాయన్ను సూద్దువు."

నా మోకాళ్లను తిట్టుకుంటూ ఎక్కాను. బొటనవేలి గోరు సగమే ఉంది. మడమ మీద పగుళ్లు. పాదం మీద నరం ఒకటి ఉబ్బి పక్కకు తిరిగింది. ఆ రాతిలో ఎండలో నడిచిన మనిషి ఉన్నాడు.

"ఆర్డరిచ్చేటోళ్లు ఫోటో ఇస్తారు. మొగం ఉంటాది, శాలువా ఉంటాది. కాళ్లు యాడుంటాయి?" అన్నాడు ఆచారి. "మీ ఫోటోగ్రాఫర్లంతా నడుము కాడికి కోసి పారేస్తారు. కాళ్లు నేను యాడ తెచ్చేది? నాకు తెలిసినోళ్లవి పెట్టినా. ఇవి మా నాయనవి. రాయి పడి ఆ గోరు పోయింది."

ముప్పై ఆరేళ్లు. ఎన్ని వేలమందిని నడుము దగ్గర కోసి పారేశానో అప్పుడు గుర్తొచ్చింది. కెమెరా తీసి గురిపెడితే అద్దె లెన్సులో అంతా మసక. దానికి నాలుగడుగుల లోపల ఉన్నది కనపడదు. నిచ్చెన మీద నాలుగడుగులు వెనక్కి జరిగితే నేరుగా ఆసుపత్రే. సంచి అడుగున నా సొంత చిన్న లెన్సు ఉంది, పాతికేళ్లనాటిది, మొదట్లో పెళ్లికొడుకుల ముక్కులు తీసింది. అది తగిలించాను. ఆ సగం గోరు మీద పక్క నుంచి ఎండ పడుతోంది. ఊపిరి బిగబట్టి తీశాను.

రెండు రోజుల్లో ఏడు ఊళ్లు తిరిగాం. ఒకచోట నాయకుడు పైకెత్తిన చెయ్యి గుడ్డను చించుకుని బయటకొచ్చి మావైపే వేలు చూపిస్తోంది. ఒక ఊళ్లో కాళ్లు ఆచారి మేనత్తవి. "ఆయప్ప ఒడ్డు పొడుగుకు మా అత్త కాళ్లే సరిపోయినాయి," అన్నాడు. ఆఖరికి పాములపాడు చేరి నిచ్చెన ఎక్కాను. ఎడమ కాలి చిటికెన వేలు వంకరగా, పక్క వేలి మీదికెక్కి కూర్చుంది. నాకెక్కడో చూసినట్టనిపించింది.

"ఇది ఎవురిదన్నా?"

ఆచారి కింద నుంచి బీడీ ముట్టించుకుంటూ, "చెప్పు ఇడిసి సూసుకో," అన్నాడు.

నిచ్చెన మీదే ఎడమ చెప్పు జార్చి చూశాను. పడుచు వయసులో కెమెరా స్టాండు నా కాలి మీదే పడి వంకరపోయిన వేలు. మొదటిసారి పాస్‌పోర్టు ఫోటో తీయడానికి ఆయన షెడ్డుకు పోయినప్పుడు, చెప్పులు విడిచి రాళ్ల మీద కూర్చున్నాను. నేను ఆయన మొహం తీసుకున్నాను, ఆయన నా కాళ్లు తీసుకున్నాడు. ఇన్నేళ్లూ చెప్పలేదు.

ఆదివారం

అద్దె లెన్సు ఆరు కావడానికి పది నిమిషాల ముందు ఇచ్చేశాను. ఆల్బం అచ్చు వేసేవాడు అలవాటు ప్రకారం ప్రతి పేజీకీ గులాబీలు, రెండు పావురాలు పెట్టాడు. తీసేయించే టైము లేదు.

కమిటీ నుంచి ఐదుగురు వచ్చారు. ఒకాయన పేజీలు తిప్పి, "ఇదేందప్పా, తలకాయలు యాడ? అన్నీ కాళ్లే ఉండాయి," అన్నాడు. ఇంకొకాయన పావురాల్ని చూసి నవ్వాడు. ఆచారి తల వంచుకుని ఉలి నూరుకుంటున్నాడు.

వాళ్లలో పెద్దాయన ఆల్బం ఒళ్లోకి లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో పేజీ చూశాడు. సగం గోరు దగ్గర ఆగాడు. మడమ పగుళ్ల మీద వేలు పెట్టి తడిమి చూశాడు.

"మొగం బాగలేకున్నా పూలదండలు ఏసి కప్పెట్టొచ్చు," అన్నాడు మెల్లగా. "కాళ్లు ఎవురూ సూడరని తెలిసి కూడా ఇట్ల చెక్కినాడంటే, ఈయప్ప మనల్ని మోసం చెయ్యడు. అయినా మనం మొక్కేది యాడ? కాళ్లకే గదా. మొగం పూజారి సూసుకుంటాడు."

ఆర్డరు అక్కడికక్కడే ఖాయం చేశారు. లేచేముందు పెద్దాయన ఆఖరి పేజీ తీసి, ఆ పాములపాడు కాళ్లను రెండు చేతులతో తాకి కళ్లకద్దుకున్నాడు. నేను నా ఎడమ కాలు మెల్లగా బల్ల కిందికి లాక్కున్నాను.

వాళ్లు పోయాక ఆచారి ఆ నల్లరాయి దగ్గరకు వెళ్లి సుత్తితో తట్టాడు. ఖంగుమంది. నాకు ఆశ పుట్టింది.

"అన్నా, ఆంజనేయస్వామికి కూడా నా కాళ్లేనా?"

"నీ మొగం," అన్నాడు ఆచారి. "దేవునికి కొలతలు శాస్త్రంలో ఉండాయి. నీ వంకర యేలు లీడర్లకే సరిపోతాది."

ఇప్పుడు చెప్పండి, అద్దెకు తేవాలా, పాతది కొనాలా? ట్రిప్పు నాలుగు రోజులైతే అద్దెకే తెచ్చుకోండి. ఇప్పటికీ నా మాట అదే. కానీ సంచి అడుగున సొంత చిన్న లెన్సు ఒకటి పెట్టుకోండి, నిచ్చెన ఎక్కడ దొరుకుతుందో అడిగి పెట్టుకోండి. ఇంకోమాట, మనుషుల్ని తీసేటప్పుడు కాళ్లు కొయ్యకండి.

ఫోటో తీసేవాడు ఫోటోలో ఉండడు. మా ఇంట్లో నా పెళ్లి ఫోటో తప్ప నాదంటూ ఒక్కటీ లేదని రమీజా ఎప్పుడూ దెప్పుతుంది. ఎన్నికలైపోయి గుడ్డలు తీశాక ఆమెను స్కూటరు మీద పాములపాడు తీసుకుపోయి చూపించాను. ఎవరో ఆ కాళ్ల దగ్గర బంతిపూలు పెట్టిపోయారు. రమీజా మెడ పైకెత్తి చూసి, "వేలు నీదే," అంది. తర్వాత నా చేతిలోంచి కెమెరా లాక్కుని, నన్ను ఆ దిమ్మె ముందు చెప్పుల్లేకుండా నిలబెట్టి, తల నుంచి కాళ్ల దాకా మొత్తం తీసింది.